వాకర్ తొట్టి

"దిగు వాకర్. దొరగారి మిల్లు తిరుగుతోంది. ఇకమీద ఈ ఊళ్ళో ఎవరూ కాళ్ళతో గుడ్డ తొక్కకూడదు," అన్నాడు దొర మనిషి రాండల్ఫ్, గొడ్డలి తొట్టికి ఆనించి.

హేమో మోకాలిలోతు పులిసిన మూత్రంలో నిలబడి ఉన్నాడు. మగ్గం మీంచి వచ్చిన ఉన్ని గుడ్డను అందులో తొక్కి తొక్కి చిక్కబరచడం అతని పని. రోజంతా గుడ్డ మీద నడుస్తాడని ఊరు పెట్టిన పేరు వాకర్. పెళ్ళాం ఆవిస్ కూడా అలాగే పిలుస్తుంది.

"ఇది మా దుప్పటయ్యా. అమ్మేది కాదు," అన్నాడు హేమో.

"అయినా మిల్లుకే పట్టుకెళ్ళు. ఏటి నీళ్ళకి కొయ్య సుత్తులు వాటంతటవే దంచుతాయి. నీలాంటోళ్ళు పదిమంది చాలరు వాటికి."

"పోనీలే," అంది ఆవిస్. "ఇకనైనా చర్చిలో మన పక్కన ముక్కు మూసుకోకుండా నిలబడతారు."

హేమో దిగాడు. పాదాలు తెల్లగా నానిపోయి, వేళ్ళకు గోళ్ళు లేవు.

"తొట్టి పగలగొట్టుకో. పేరైతే పట్టుకుపోలేవుగా. చచ్చేదాకా నేను వాకర్‌నే."

రాండల్ఫ్ గొడ్డలి వేశాడు. తొట్టి విచ్చుకుని, అందులోది గుమ్మం దాకా పారింది.

అంతలో వీధిలోంచి నేతపని చేసే మాబెల్ కేక వినిపించింది. "వాకర్, ఒక తాను తెచ్చాను, తీసుకుంటావా?"

"ఇలా తేమ్మా," అంటూ హేమో తడికాళ్ళతో గుమ్మంలోకి ఉరికాడు.

మాబెల్ అతన్ని దాటి వెళ్ళిపోయింది. ఏటి ఒడ్డున, మిల్లు తలుపు దగ్గర ఒక కొత్త మనిషి ఆమెను రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. అతని కాళ్ళకు పొడి బూట్లున్నాయి.

"లోపలికి రా, హేమో," అంది ఆవిస్.