గాలి తొవ్వ

"ఏసీ పెట్టియ్యి, బాపూ."

నవనీత ఈ మాట అనడం వారంలో ఇది మూడోసారి. హనుమండ్లు ముద్దను నోటి దగ్గరే ఆపాడు.

"ఏ ఇంటికి?"

"ఏ ఇంటికేంది? మనింటికే."

బయట చెన్నూరు ఎండ నలభై అయిదు డిగ్రీలు. లోపల గోడకు తగిలించిన థర్మామీటరులో ముప్పయి నాలుగు. ఆ తేడా అంతా హనుమండ్లు పనితనమే. బొగ్గుబాయి అడుగున పనిచేసేవాళ్లకు గాలి అందేలా చూడడం అతని ఉద్యోగం. రిటైరయ్యాక కూతురి ఇల్లు కూడా అదే లెక్కన కట్టించాడు. ఉత్తరం గోడకు కిందుగా కిటికీలు, వాటికి తడిపిన వట్టివేళ్ల తడికెలు. మెట్ల గదికి పైన నాలుగు వైపులా కంతలు. కప్పు మీద తెల్లటి సున్నం. కింద దూరిన చల్లగాలి ఇల్లంతా తిరిగి, వేడెక్కి, మెట్ల మీదుగా పైకి పోతుంది. ఒకటే షరతు. పగలు లోపలి తలుపు ఒక్కటి కూడా మూయకూడదు. మూస్తే గాలి నడిచే దారి, అదే గాలి తొవ్వ, తెగుతుంది. అందుకని ప్రతి తలుపుకూ ఒక రాయి ఆనించి పెట్టాడు.

"ఉక్కపోస్తుందా?" అడిగాడు.

"లే."

"వడగాలి కొడ్తుందా?"

"లే, బాపూ."

"మరి ఏం పుట్టింది నీకు? రేపు ఇంజనీరు శ్యాంసుందర్ సారు నలుగురిని తోలుకొని వస్తుండు. వాళ్లు గూడ గిట్లనే కట్టుకుంటరట. గోడకు ఏసీ కనవడితే ఏమంటరు? హనుమండ్లు చెప్పేదంత ఉత్త గాలి మాట అనరా?"

హాల్లో చాప మీద నడుం వాల్చిన ఎదురింటి లస్మవ్వ లేచి కూర్చుంది.

"ఏందే నవనీతా, గీ ఇంట్ల ఏసీయా? మా ఇంట్ల కుంపట్ల కూసున్నట్టుంటది. ఈడ ఒరిగితె సాలు, పోయిన పానం లేచొస్తది."

"దేవుడు సల్లగ సూడాలె హనుమండ్లన్నను" అంది ఆమె పక్కనున్న బుచ్చవ్వ. "మా చర్చిల పన్నెండు ఫ్యాన్లు తిరుగుతయి. ఒక్కదానికి గూడ గింత గాలి లేదు."

"చర్చిల గూడ నువ్వు పండుకుంటనే ఉంటవు గదనే!" అంది లస్మవ్వ. చాపల మీదున్న వాళ్లంతా నవ్వారు.

మధ్యాహ్నం అన్నాలు కాగానే వాడకట్టులో సగం మంది చాపలు చంకన పెట్టుకొని ఇక్కడికి వచ్చేస్తారు. ఆ రోజు హాల్లో ఏడుగురు, నడిమి గదిలో నలుగురు, నవనీత మంచం మీద బుచ్చవ్వ కోడలు, ఆమె పసిబిడ్డ. వాళ్లను చూస్తే హనుమండ్లుకు కడుపు నిండినట్టుంటుంది.

చెయ్యి కడుక్కొని ఒక ఊదుబత్తి వెలిగించాడు. కిటికీ దగ్గర పట్టుకుంటే పొగ వంగి, హాలు దాటి, నడిమి గదిలోంచి మెట్ల వైపు నడిచింది. అక్కడ నిటారుగా పైకి లేచిపోయింది.

"సూసినవా? ఏడన్న ఆగిందా?"

"ఆగలే."

"తప్పు ఏడున్నదో సూపెట్టు. రేపటి వరకు సరిజేస్త."

"తప్పు లేదు, బాపూ."

అంతలో నవనీత ఫోన్ మోగింది, దుబాయి నుంచి ఆమె భర్త. దగ్గరగా ఉన్న లస్మవ్వే అందుకుంది.

"అల్లుడా! నేను లస్మవ్వను. దుబాయిల ఎండ మస్తున్నదా? మేమైతే మీ ఇంట్లనే పండుకున్నం, మీ మామ పుణ్యాన. అన్నం తిన్నవా? గీ తిండి యాళ్ల ఏం మాట్లాడుతవు, రాత్రి నిమ్మలంగ చెయ్యరాదు?... ఆఁ? రాత్రయితే రూంల ఎనిమిది మందా? అయ్యో!"

బుచ్చవ్వ ఫోన్ లాక్కుంది. "సాయిచందూ, మా కొడుకు మల్లేష్ ఏమన్న కనవడ్డడా, బిడ్డా?"

"దుబాయి అంటె మన వాడకట్టు అనుకున్నవానే?" అంది లస్మవ్వ.

నడిమి గదిలో వాళ్లు కూడా తలా ఒక మాట పలకరించాక ఫోన్ నవనీత చేతికి వచ్చింది. ఆమె గోడ వైపు తిరిగింది.

"ఆఁ... తిన్న... మంచిగనే ఉన్న... ఆఁ, అందరున్నరు... సరే."

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది. హనుమండ్లు వెనకాలే వెళ్లాడు. ఆమె అప్పటికే కడిగిన గిన్నెను మళ్లీ కడుగుతోంది.

"బిడ్డా, నాతోని నిజం చెప్పు. నా పని నీకు నచ్చలేదా?"

"అయ్యో, గట్లెందుకంటవు? నీ గాలికి వంక పెట్టేటోళ్లు ఎవ్వరు లేరు. మంచిగున్నది గనుకనే గింతమంది వస్తుండ్రు."

"వస్తే నీకు కష్టమైతుందా? చెప్పు, రావద్దంట."

"వద్దు, బాపూ. పాపం, వాళ్ల ఇండ్లల్ల రేకులు మండుతయి. నేనే రమ్మన్న. రోజూ రానీ."

"చల్లగున్నదంటవు. మందిని రానియ్యమంటవు. మరి ఏసీ ఎందుకు, తల్లీ?"

నవనీత గిన్నెను బోర్లించింది. తండ్రి ముఖం వైపు చూడకుండా, హాల్లోకి వినపడనంత మెల్లగా చెప్పింది.

"ఏసీ ఉన్నోళ్లు గది తలుపు మూసుకుంటే ఎవ్వరేమనరు, బాపూ... ఆయన ఫోన్ జేసేది రోజూ గీ యాళ్లకే."