తెల్లదోమ ఎంట్రీ

“మందు కొట్టాం, తెల్లదోమ చచ్చింది, శుభం,” అంటూ కథ ముగించాడు నిర్మాత గంగాధరరావు.

“చావదండీ,” అంది ఫెబా. పత్తిరైతు సినిమాకి సలహా చెప్పమని ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి పిలిపించిన పురుగుల శాస్త్రవేత్త ఆమె. “దాని ఒంట్లో ఎంజైములుంటాయి. విషాన్ని ముక్కలు చేసి బయటికి నెట్టేస్తాయి.”

గంగాధరరావు సోఫా ఎక్కి నిలబడ్డాడు. “విషం అరిగించుకుని మళ్ళీ లేస్తుందా? ఏం ఎంట్రీ అండీ. మన హీరో అదే.”

“అది విలనండీ.” ఫెబాకి నవ్వాగడం లేదు.

“పోనీ, ఇంకోసారి కొడదాం.”

“అదే మందు మళ్ళీ మళ్ళీ కొడితే ఎంజైములు ఎక్కువున్నవే బతుకుతాయి. వాటి పిల్లలకీ అవే వస్తాయి. కొన్ని తరాలకి ఆ మందూ మంచినీళ్ళూ ఒకటే.”

పడీపడీ నవ్వుతూ గంగాధరరావు గోడవైపు తిరిగాడు. అక్కడ తన ఐదు సినిమాల పోస్టర్లున్నాయి. ఐదింటిలోనూ అదే హీరో, అదే వాన, అదే గొడ్డలి. మొదటిది వంద రోజులాడింది. ఐదోదాన్ని రెండో రోజే ఎత్తేశారు.

మెల్లగా సోఫా దిగాడు.

“డాక్టరుగారూ, ఈ ఎంజైములు ప్రేక్షకులక్కూడా ఉంటాయంటారా?”