ఎన్ని రోజుల సెలవు

జ్వరాలు అయిపోయాయి. ఇక చావులు మిగిలాయి.

బడికి సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయుడికి ఒక లేఖ రాసుకు రమ్మని రాజేశ్వర్ పదో తరగతికి ఇంటిపని ఇచ్చాడు. ఈరోజు అతనికి ఆ తరగతిలో పీరియడు లేదు. పిల్లలే పొద్దున కాగితాలు తెచ్చి, స్టాఫ్‌రూంలో అతని బల్ల మీద పెట్టి పోయారు. మధ్యాహ్నం నుంచి దిద్దుతూనే ఉన్నాడు. సగం మందికి జ్వరం. అందరికీ ఒకే వాక్యంలో వచ్చింది, ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టు. మిగతా వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు పోయారు.

“సెలవు కావాలంటే ముందు చచ్చేది అమ్మమ్మలేనండీ,” అన్నాడు ఎదుటి కుర్చీలోని రామకోటేశ్వరరావు. బడికి పెద్ద తెలుగు పండితుడు. కాలువ కింద పొలం కొనుక్కుని గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. “కిందటేడు ఒకడి నాయనమ్మ రెండుసార్లు పోయింది. రెండోసారికి వాక్యం కాస్త కుదిరింది.”

రాజేశ్వర్‌కు నవ్వు రాలేదు. ఈ లేఖకు పది మార్కులు. ఆ మార్కులు సెలక్షన్ పరీక్ష మార్కుల్లో కలుస్తాయి. సెలక్షన్ దాటని వాళ్లను పబ్లిక్ పరీక్షకు పంపరు. జాలిపడి మార్కులు వేస్తున్నారని కిందటేడు తనిఖీలో మాట పడ్డాక, లేఖకు కొలత పెట్టారు. ఊరు, తేదీ, కారణం, ఎన్ని రోజులు, సంతకం. ఏది లేకపోయినా కోతే. దిద్దిన ప్రతి లేఖనూ పెద్ద పండితుడు చూసి ఒప్పుకోవాలి.

ఈ పిల్లల ఇళ్లలో వీళ్లకు ముందు కలం పట్టినవాడు లేడు. సొంతూరు వర్నిలో రాజేశ్వర్ ఇల్లూ అంతే. వంశంలో మొదటి బి.ఏ. అతనే. తను ఎక్కిన మెట్లు వీళ్లనూ ఎక్కించాలని వచ్చాడు. ఏటేటా పరీక్షకు వెళ్లేవాళ్ల జాబితా కురచవుతోంది తప్ప పెరగలేదు.

ఈసారి అతని ఆశంతా ఒక్క పిల్ల మీద. రుక్మాబాయి. రెంజల్ నుంచి పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. తండ్రి ఎర్రన్న బోధన్ ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలుతాడు. మొన్న సాయంత్రం ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరసలో నిలబడి రాజేశ్వర్ అతన్ని బతిమాలాడు. ఎర్రన్న ఎడ్లకు గడ్డి వేస్తూ విన్నాడు.

“గీ ఒక్కపాలి సూస్త సారూ. సెలక్షన్ల పాసైతే పరీక్షకు పంపుత. కాకుంటే సెరుకు కొట్టుడుకు తోల్కపోత. మల్ల నువ్వొచ్చి అడగొద్దు.”

దాటడానికి రుక్మకు ఇంకా నాలుగు మార్కులు కావాలి. కుదురుగా రాసే పిల్ల. నాలుగెంత అనుకున్నాడు.

అట్టడుగున ఆమె కాగితం దొరికింది.

‘సార్‌కు దండాలు. మా బాపు సచ్చిపోయిండు. చెరుకు బండి తిరుగవడి కింద వడ్డడు. నేను ఇగ బడికి రాను. సెలవు ఇయ్యుండ్రి. రుక్మాబాయి.’

అంతే ఉంది. ఊరు లేదు. తేదీ లేదు. రాజేశ్వర్‌కు ప్రాణం ఉసూరుమంది. పండితుడు చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. చదివి కళ్లద్దాలు పైకి తోశాడు.

“‘సచ్చిపోయిండు’ ఏమిటండీ? ఊళ్లో మాట్లాడినట్టే రాసేసింది.”

“కత మటుకు సొంతంగ అల్లింది సార్. అందరి లెక్క జరం అనలే. గందుకన్న ఒక్క మార్కు ఎక్కువ ఎయ్యొచ్చు.”

“కథకి మార్కులు లేవు కదండీ. ఎన్ని రోజుల సెలవో రాసిందా? చూడండి.”

రాజేశ్వర్ మళ్లీ వెతికాడు. ‘ఇగ రాను’ అని తప్ప అంకె ఎక్కడా లేదు.

“ఇది సెలవు అడగడం కాదు, సెలవు పుచ్చుకోవడం,” అన్నాడు పండితుడు. ఆయన గొంతులో కూడా ఇప్పుడు ఎగతాళి లేదు. “నాకూ పాపమనే ఉంది. దీనికి వేస్తే అందరికీ వేయాలి.”

రాజేశ్వర్‌కు ఆ పిల్ల మీద కోపం వచ్చింది. చెప్పింది చెప్పినట్టు రాస్తే పోయేది. మార్కుల కోసం అమ్మమ్మ చాలదని ఏకంగా తండ్రినే చంపింది. ఇంట్లో తనూ ‘సచ్చిపోయిండు’ అనేవాడే. అయినా ఎర్ర సిరాతో దాన్ని కొట్టేసి, పైన ‘మరణించినాడు’ అని రాశాడు. కింద ఇంకో మాట రాశాడు. ‘బతికియున్న తండ్రిని గూర్చి ఇట్లు రాయరాదు. ఎన్ని దినముల సెలవో తెలుపలేదు.’

పదికి మూడు.

పండితుడు మార్కులు చూసి సంతకం చేసి, జాబితా పట్టుకుని ప్రధానోపాధ్యాయుడి గదికి వెళ్లాడు. ఇక దిద్దడానికి లేదు. బయట రోడ్డు మీద చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీ వైపు పోతున్నాయి. ఎర్రన్న ఎదురుపడితే ఏం చెప్పాలి? ఒక్క మార్కు తక్కువైందని చెబితే, పొద్దంతా బండి తోలే మనిషికి అదేం లెక్క? మొన్న మాట ఇచ్చినంత సులువుగా పిల్ల చేతికి కొడవలి ఇస్తాడు.

తలుపు దగ్గర ఎవరో ముక్కు ఎగబీల్చారు. రుక్మ పక్కన కూర్చునే నాగకుమారి. కాలువ కింద రైతుల అమ్మాయి. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో రెండు కాగితాలు.

“సార్, రుక్మ రాసిన ఇంటిపని ఇదిగోండి, చూసి రాసుకుంటానని నిన్న నేనే తీసుకున్నాను, పొద్దున్న మీ బల్ల మీదికి వచ్చింది వాళ్ల మామయ్య తెచ్చిచ్చిన నిజం సెలవు చీటీ.”