రేగుపండ్ల గంప

హెడ్మాస్టరు మేడం గదిలోంచి రిజ్వానా బయటికొచ్చేసరికి కూతురు నౌరీన్ క్లాసులో లేదు.

గేటు బయట, రేగుపండ్ల గంప పక్కన కూర్చుని గింజలు ఉమ్ముతోంది.

గంప వెనక ముసలి బిక్షమ్మ. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. నాలుగడుగుల అవతల పెద్దరోడ్డు మీద లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి.

రిజ్వానా ఒళ్లు మండిపోయింది. అసలే మేడం దగ్గర చీవాట్లు తిని వస్తోంది. "దసరా తర్వాత మంచిగనే కుదురుకుంది, మళ్ల మొదటికొచ్చింది. గిట్లయితే వచ్చే ఏడాది వేరే బడి చూసుకోండి" అని తేల్చి చెప్పింది మేడం. నార్కట్‌పల్లిలో నౌరీన్‌కు ఇది మూడో బడి. నాలుగోది లేదు.

దసరా తర్వాత కుదురుకుందంటే అది పిల్ల కుదురు కోసం నల్గొండ డాక్టరు ఇచ్చిన గోలి పుణ్యం. రోజూ పొద్దున ఒకటి. తొమ్మిదేళ్లలో మొదటిసారి పిల్ల లేవకుండా కూర్చుని ఒక పేజీ మొత్తం రాసింది. ఆ పేజీని రిజ్వానా బీరువాలో పెళ్లి చీర మడతల్లో దాచుకుంది.

గోలి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పిచ్చి మందట అని వాడంతా గుసగుసలు పోతే?

ఈ నెలలోనే ఏమొచ్చిందో, గోలి వేస్తున్నా పని చెయ్యడం లేదు.

"పైసలు తీసుకోకుండ రోజు గీ పుల్లటి పండ్లెందుకు పెడుతున్నవవ్వా నా బిడ్డకు?"

"చేతుల పండుంటె జర సేపు కూసుంటదని బిడ్డా." బిక్షమ్మ గొంతు తగ్గించింది. "ఒక్కటడుగుత, కోపం చెయ్యకు. మొన్నటిదాక పగటి బువ్వ యాల దాక బళ్లె కూసునేది. గీ రంజాన్ రోజాల నెల వచ్చినకాంచి పది కొట్టంగనే ఉరికొస్తాంది. గోలి ఏసే యాల మార్చినవా ఏంది?"

ఎవరైనా విన్నారేమోనని రిజ్వానా చుట్టూ చూసింది. "గోలి సంగతి నీకెవరు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన అమ్మీ" అంది నౌరీన్, ఇంకో పండు నోట్లో వేసుకుంటూ. నోట్లో నువ్వుగింజ నానితేగా దానికి!

రిజ్వానా నానమ్మ దగ్గుకు గోలి వేసినా వారం రోజులు చింతపండు చారు మాన్పించేది. పులుపు మందును విరిచేస్తుందని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఇంకేం, దొంగ దొరికింది!

"నీ పులుపే నా బిడ్డ మందును ఖరాబు చేసింది. నీకు దండం పెడత, ఈడ కూసోకు!"

అంతటితో ఊరుకుందా? మేడం దగ్గరికి తిరిగి వెళ్లి ఫిర్యాదు చేసింది. సాయంత్రానికి గంప లేచిపోయింది.

పులుపు పోయింది గానీ పిల్ల ఉరుకులాట పోలేదు. మర్నాటి నుంచి గేటుకు తాళం పడింది కాబట్టి రోడ్డెక్కలేదు, క్లాసంతా తిరిగింది. నాలుగు రోజులు చూసి రిజ్వానా పిల్లను నల్గొండ బస్సెక్కించింది.

డాక్టరు అంతా విన్నాడు. "రేగుపండు ఏం చేస్తదమ్మా? గోలి ఎన్ని గంటలకు వేస్తున్నరు?"

"సహరీ అప్పుడు సార్. రోజాల నెల గద, తెల్లారకముందే లేచి తింటం. గీమె రోజా ఉండది గని సహరీకి అందరికంటె ముందు పళ్లెం పట్టుకుంటది. అప్పుడే గోలి ఏసి, నమాజు చదివి జర ఒరుగుత. మళ్ల మరుస్తనేమో అని..."

"ఐదింటికా? మీ పాపకిచ్చిన గోలి నాలుగైదు గంటలే పని చేస్తది. బడి మొదలయ్యేసరికి దాని డ్యూటీ అయిపోతాంది!"

ఈ ముక్కే గదా ముసలామె గేటు దగ్గర అడిగింది!

మర్నాటి నుంచి ఎనిమిదింటికి, నాష్టాతో గోలి. గోలికి ఆకలి తగ్గి మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగం మిగిలినా, సాయంత్రం ఆవురావురుమని తినేది. వారం తిరక్కుండా నౌరీన్ మళ్లీ పేజీ నింపింది. మేడం వేరే బడి మాట ఎత్తలేదు.

రంజాన్ పండుగైన మూడో రోజు, స్టీలు డబ్బా నిండా సేమ్యా పాయసం, షీర్ ఖుర్మా పోసుకుని రిజ్వానా గేటు దగ్గర నిలబడింది. అటెండరు జంగయ్య తాళం తీశాడు.

"బిక్షమ్మవ్వ యాడుంటది జంగన్నా? చేతులు పట్టుకొని మాఫీ అడగాలె. నా బిడ్డ బతుకు నిలబెట్టింది."

జంగయ్య తల వంచుకున్నాడు. "హాలియాల చెల్లె ఇంటికి పోయిందమ్మా. ఆడనే పానం పోయింది, వారమాయె. ఈడికెల్లి గంప ఎత్తుకొని పొయ్యేటప్పుడు గీ తాళం తనే కొని నా చేతుల పెట్టింది. 'రేపటి సంది నేనుండ, ఆ పిల్ల పైలం, రోడ్డెక్కకుండ చూడు' అన్నది."

రిజ్వానా కళ్లు నిండిపోయాయి. డబ్బా కింద పెట్టి రెండు చేతులూ ఎత్తింది. "యా అల్లా, గా తల్లికి మంచి జాగా ఇయ్యి. ఎంత చేసింది నాకు! నేను ఆమె పండ్ల బేరం పోగొట్టిన..."

"బేరమా? ఆమెకు పింఛనొస్తుండె. ఒక్క పండన్న అమ్మంగ నేను చూడలె."

"మరి గా గంపెందుకన్నా?"

"ముప్పై ఏండ్ల కింద ఆమె బిడ్డ లీల గూడ గిట్లనే కుదురుగ కూసోకపోయేది, గప్పుడు దానికి మందుంటదని ఎవరికెరుక; ఒకనాడు గీ గేటులకెల్లే లారీ కిందికి ఉరికింది, గా మర్నాటి సందే అవ్వ గంప తెచ్చుకొని గీడ కూసున్నది."