ఒంటిచేత్తో

"ఒక్కసారికే వెలక్కపోతే మీసం తీయించుకుంటాను అల్లుడుగారూ!"

పొద్దున కాఫీ తాగుతూ ఎలక్ట్రీషియన్ అన్న మాట అది. వంటింటి అలమర కింద స్ట్రిప్ లైట్లు బిగించడం ఆయనకు ఓ లెక్కా? అంతటితో ఊరుకున్నా బాగుండేది. తెల్లచొక్కా చేతులు మడుస్తూ, "ముప్పై ఏళ్లుగా అంతా ఒంటిచేత్తో చేసుకొచ్చాను. ఒకరి సాయం ఎరగను" అని కూడా అనేశాడు.

వంటింట్లో గిన్నె ఒకటి ఠంగుమంది. ఆయన భార్య విసురుగా బట్టలు తీసుకుని హాల్లోకి వెళ్లిపోయింది.

పని చకచకా సాగింది. గోడలోంచి వచ్చిన తీగల్లో కరెంటు దేన్లో ఉందో టెస్టర్ పెట్టి చూసుకున్నాడు. మెయిన్ ఆపి, స్విచ్ మీదుగా అడాప్టర్‌కి కలిపాడు. ఇక అడాప్టర్ నుంచి లైట్లకు కలపడమే మిగిలింది. పన్నెండు వోల్టులు, షాక్ కూడా కొట్టదు. లైట్ల నుంచి వేలాడుతున్న రెండు తీగల్ని చెరో చేత్తో పట్టుకున్నాడు.

అక్కడ ఆగిపోయాడు.

"అడాప్టర్ మీద గుర్తులున్నాయి. ప్లస్సుకి ప్లస్సు తీగ, మైనస్సుకి మైనస్సు తీగ పడాలి. తారుమారైతే వెలగవు" అన్నాడు అల్లుడితో.

"అయితే కానివ్వండి" అన్నాడు అల్లుడు, మీసం వంక ఆశగా చూస్తూ.

"ఏమోయ్! ఒక్కసారి ఇలా వస్తావా?"

హాల్లో బట్టలు మడతపెడుతున్న ఆవిడ తలెత్తలేదు.

"నేను సాయం పడతాను మావయ్యగారూ."

"వద్దొద్దు! మీ అత్తయ్యే రావాలి."

కూతురు ఫక్కున నవ్వింది. "చెప్పానా?" అంది మొగుడితో. "ఏ ఇంటికి పనికెళ్లినా అమ్మ పక్కన ఉండాల్సిందే. పెళ్లాం కొంగు పట్టుకు తిరిగే ఎలక్ట్రీషియన్ అంటారు మా వీధిలో."

అల్లుడికి ముచ్చటేసింది. మావగారికి చెమటలు పట్టాయి. మీసం నిమురుకుందామన్నా చేతులు ఖాళీ లేవు.

"తప్పయిందోయ్! ఒంటిచేత్తో కాదు. నువ్వు పక్కన లేకపోతే నా చేతుల మీదుగా ఒక్క బల్బూ వెలగదు. అల్లుడుగారి ముందే ఒప్పుకుంటున్నా. చాలా?"

చాలదన్నట్టు ఆవిడ ఇంకో చీర తీసి మడతపెట్టింది.

"కావాలంటే వీధి వీధంతా చెప్పొస్తానే తల్లీ!"

అప్పుడు లేచింది. తీరిగ్గా వచ్చి పక్కన నిలబడింది. మూతి ఇంకా బిగించే ఉంది గానీ కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. మునివేళ్ల మీద లేచి ఆయన చెవిలో ఏదో గుసగుసలాడింది.

అంతే, ఆయన ముఖం చేటంతయింది. తీగలు రెండూ టకటకా బిగించి, మెయిన్ వేసి, స్విచ్ నొక్కాడు. పొయ్యిగట్టంతా తెల్లగా వెలుగు పరుచుకుంది. మీసం దక్కింది.

"అమ్మ చెవిలో ఏం చెప్పింది నాన్నా?" కూతురు వదల్లేదు.

"మొగుడూ పెళ్లాల మధ్య సవాలక్ష ఉంటాయి. నీకెందుకే?" అంది తల్లి.

అల్లుడే సిగ్గుపడి ముఖం తిప్పుకున్నాడు.

ఆవిడ చెప్పింది, ముప్పై ఏళ్లుగా పనికెళ్లిన ప్రతి ఇంట్లోనూ ఆయన చెవిలో చెబుతూ వచ్చిన మాటే: "కుడిచేతిలోది ఎర్రది, ఎడమచేతిలోది నల్లది."