తోడు

"పాలల్లో నిమ్మకాయ పిండితే ఏమవుతాది? విరిగిపోతాయి. బిడ్డ మాటా అంతే!" చంద్రకాంతమ్మ మళ్లీ అదే మాట అంది.

కోడలు అమల రెండేళ్ల కూతురు ధరణికి జడ అల్లుతోంది.

అమల పుట్టిల్లు కాట్పాడి. బిడ్డతో తమిళంలో మాట్లాడుతుంది. పొద్దున ధరణి "తణ్ణి నీళ్లు" అని రెండు భాషల్లోనూ అడిగింది. పాకాలలోని ఆ ఇంట్లో రగడ అక్కడ మొదలైంది.

"రెండు మాట్లు అడిగిందంటే దప్పిక ఎక్కువైందేమోలేవే," అన్నాడు మామ సుబ్రమణ్యం.

"నువ్వు నగబాకు. ఇంకమీద ఈ ఇంట్లో బిడ్డతో అరవం వద్దు."

"మా అమ్మకు తెలుగు రాదు గదత్తా. ఇది వాళ్లవ్వతో ఏం మాట్లాడల్ల?" అమల జడ కొసకు రిబ్బను ముడేసింది.

అంతలో ఎదురింటి కృపామణి అత్త జ్ఞానాంబ గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె ఊరి నుంచి కొడుకూ కోడళ్లను చూడటానికి వచ్చి వారమైంది.

"దీపం పెడితే ఇయ్యవని బిరబిరా వచ్చినా చంద్రమ్మా. ఇంత తోడు పెట్టు. రేపు ఊరికి పోతా ఉండా, పిల్లోళ్లకు పెరుగు తోడేసి పోతా."

"రాక్కా! సూడు అమలా, తెలుగంటే అట్లుండల్ల. అక్కా, మా బిడ్డకు నువ్వన్నా మాటలు నేర్పు."

సంగతి విని జ్ఞానాంబ నవ్వింది.

"పాలు మావి, తోడు మీది. తెల్లారితే పెరుగు ఎవురిది?"

"మీదే."

"ఇచ్చినందుకు నీ పెరుగు చెడిపోయిందా?"

"ఎందుకు చెడతాది?"

"మాట గూడా తోడే చంద్రమ్మా. నిమ్మకాయ గాదు."

"నీకేమక్కా, పుట్టినప్పట్నించీ తెలుగే. ఈ అవస్థ నీకేం తెలుసు?"

జ్ఞానాంబ ఏదో చెప్పబోయి, ధరణి బుగ్గ గిల్లి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున చంద్రకాంతమ్మ ఊరగాయ సీసాతో ఎదురింటికి పరుగెత్తేసరికి ఆటో కదిలింది. అందులో జ్ఞానాంబ ఫోన్ చెవిలో పెట్టుకుని, చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతోంది.

ఆ మాటలు విని చంద్రకాంతమ్మ అక్కడే నిలబడిపోయింది. గేటు దగ్గరున్న కృపామణిని ఏదో అడిగి, సీసాతోనే తిరిగొచ్చింది.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు.

"తణ్ణి," అంది ధరణి.

అమల భయంగా అత్త వైపు చూసింది. చంద్రకాంతమ్మే లేచి గ్లాసు అందించింది.

"అమలా, బిడ్డతో నువ్వు అరవంలోనే మాట్లాడు. మేము తెలుగులో మాట్లాడతాం. సాయంత్రం మీ అమ్మకు ఫోన్ చెయ్యి, నాకూ రెండు మాటలు నేర్పు."

"రాత్రికి రాత్రి ఏమైందమ్మా నీకు?" కొడుకు చక్రధర్ ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

చంద్రకాంతమ్మ అతని కంచంలో గడ్డ పెరుగు వేసింది.

"జ్ఞానాంబక్కది తిరువణ్ణామలై అంట నాయనా, పెళ్లయి మన పక్కకొచ్చినాకనే తెలుగు నేర్చుకునిందంట."