గోడల్లో రేకు

"ఆర్విడ్, ఆసుపత్రివాళ్ళ ఫోను వచ్చి ఆగిపోయింది!" వరండా తలుపు తెరిచి అతని భార్య మార్లిస్ కేక పెట్టింది.

ఆర్విడ్ దిగ్గున లేచాడు. కిడ్నీ కోసం వరసలో పేరు రాయించుకుని ఏళ్ళయింది. దొరికిందని ఫోను వచ్చినప్పుడు ఎత్తకపోతే, అది తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది.

తప్పు తనదే. డయాలిసిస్ మొదలయ్యాక ఒంట్లో చలి ఆగక, మొన్నటి వేసవిలో అల్యూమినియం రేకు అతికించిన అట్టలు గోడలన్నిటికీ తనే కొట్టుకున్నాడు. కిటికీలకు లోహపు పూత అద్దాలు పెట్టించాడు. ఇల్లు వెచ్చబడింది. ఫోను మూగబోయింది. వేడిని బయటికి పోనివ్వని రేకు సిగ్నల్‌ని లోపలికి రానివ్వడం లేదు. అందుకే మార్లిస్ తన ఫోనును ఉన్ని చేతితొడుగులో పెట్టి వరండా కొక్కేనికి వేలాడదీస్తోంది. మిన్నెసోటా చలికి ఉత్తగా వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది.

"మోగుతుంటే ఏం చేస్తున్నావు?"

"బట్టలు మడతపెడుతున్నా. ఈ గోడల్లోంచి మోత కూడా వినబడి చావదు. ఇల్లనుకున్నావా, చేపల రేకు డబ్బా అనుకున్నావా?"

"వెచ్చగా ఉందని నువ్వే మెచ్చుకున్నావుగా."

"డబ్బాలో చేపలకీ వెచ్చగానే ఉంటుంది!"

"తర్వాత తిడుదువుగాని. ముందు తిరిగి చెయ్యవే!"

కోటైనా వేసుకోకుండా ఆమె ఫోను తీసుకుని మంచులోకి పరుగెత్తింది. ఆర్విడ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. ఉన్నట్టుండి ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని మంచులో కూలబడింది.

అయిపోయింది, పోయింది అనుకున్నాడు. రేకంతా పీకి పారేద్దామని సుత్తి అందుకున్నాడు. అంతలో తలుపు మీద దబదబా చప్పుడు. వెళ్ళి తలుపు తీశాడు. మార్లిస్ కళ్ళు తడిగా ఉన్నాయి.

"వేరేవాళ్ళకి ఇచ్చేశారా?"

"లేదు. నీకే. పరీక్షలన్నీ సరిపోయాయట. వచ్చే నెల ఆపరేషన్."

ఆర్విడ్ సుత్తి కింద పెట్టాడు. ఊపిరి ఆడింది. ఆ వెంటనే అనుమానమూ వచ్చింది.

"వచ్చే నెలేమిటి? దొరికితే గంటల్లో పెట్టేయాలన్నారుగా! అందాకా ఆ కిడ్నీ ఎక్కడుంటుంది?"

"గుమ్మంలో నిలబడి చలికి వణుకుతోంది," అంది మార్లిస్. "అడ్డం తప్పుకో, లోపలికి రానీ."